మూడు రోజులకి క్లాసు అప్పగింత

బడి వదిలేశారు. ఖాళీ తరగతి గదిలో పరాయి భాష చెప్పే టీచరు ఊరెళ్లడానికి సంచి సర్దుకుంటోంది. బడి ఆఫీసులో గుమాస్తాగా చేసే అమ్మాయి సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడింది.

“అది కాదు టీచర్, నేను ఆఫీసులో హాజరు పట్టీలు రాసుకునేదాన్ని. మీ దగ్గర ఆ భాష నేర్చుకున్నానే గానీ, నలభై మంది ముందు నిలబడమంటే ఎలాగండీ?”

“కాళ్ల మీదే నిలబడు. ఆ శాలువా ఇలా అందించు.”

“మూడు రోజులకి శాలువా ఎందుకు?”

“చలేస్తే కప్పుకోడానికి. ఇంతకీ భయం దేనికి, పిల్లలంటేనా, హెడ్మాస్టారంటేనా?”

“రెండూనూ. రేపు ఆయనొచ్చి వెనక బెంచీలో కూర్చుంటారట. క్లాసు సంతలా ఉంటే ఈ పీరియడు ఎత్తేసి లెక్కల మాస్టారికి ఇచ్చేస్తారట.”

“లెక్కలాయన ఎప్పట్నుంచో దీని మీద కన్నేశాడు. చూడు తల్లీ, గోలలో రెండు రకాలు. నువ్వు నేర్పిన వాక్యం పక్కవాళ్లతో అంటూ చేసే గోల ఒకటి. నిన్నటి ఆట గురించి చేసే గోల ఒకటి. మొదటిది ఉండాల్సిందే. నోరు మూసుకుని కూర్చుంటే భాష ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“రెండూ ఒకేలా వినిపిస్తాయి కదండీ.”

“బోర్డుకి అతుక్కుపోతే ఒకేలా వినిపిస్తాయి. బెంచీల మధ్య తిరుగు.”

“మరి ఆపాలంటే? నా గొంతు ఫోనులోనే సరిగ్గా వినపడదంటారు.”

“అరవకు. నీకంటే గట్టిగా అరిచేవాళ్లు నలభై మంది ఉన్నారక్కడ. గుమ్మం దగ్గర నిలబడి చెయ్యెత్తు. చూసినవాళ్లు చెయ్యెత్తుతారు, ఎత్తినవాళ్లు మాట ఆపేస్తారు. నువ్వూ ఎత్తినదానివేగా.”

“ఎత్తేదాన్ని. ఎందుకో తెలిసేది కాదు.”

“తెలియలేదు కాబట్టే పనిచేసింది.”

“వెనక బెంచీ వాళ్లని ఏం చెయ్యను?”

“పేరు పిలిచి ప్రశ్న అడగకు. ముందు ప్రశ్న అడుగు, అందరి మొహాలూ చూడు, అప్పుడు పేరు పిలువు. ముందే పేరు పిలిచావా, మిగతా ముప్పై తొమ్మిది మందీ హాయిగా కునుకు తీస్తారు. ఇంకోటి, తిట్టాల్సొస్తే మన భాషలోనే తిట్టు.”

“అదేంటి, ఆ భాషే మాట్లాడాలని మీరేగా అనేవారు?”

“తిట్లకి కాదు. పాఠం ఏడాదికైనా రాదు గానీ, తిట్టు మాత్రం మధ్యాహ్నానికల్లా బడంతటికీ వచ్చేస్తుంది.”

“నవ్వించకండి. ఒకళ్లు తప్పు పలికితే అందరూ పకపకా నవ్వుతారు చూడండి, అప్పుడో?”

“ముందు నువ్వు తప్పు పలుకు.”

“నేనా?”

“రోజుకొకటి. కావాలనే. పట్టుకున్నవాళ్లకి ఆ రోజు బోర్డు తుడిచే పని. టీచరే తప్పులు చేస్తుంటే ఇక మనకేం సిగ్గు అనుకుంటారు.”

“ఆగండాగండి. మీ తప్పులు నేనెన్ని పట్టుకున్నాను. ఇంటికెళ్లి మా అమ్మకి గొప్పగా చెప్పుకునేదాన్ని. అవన్నీ కావాలని చేసినవేనా?”

“అన్నీ కాదులే. ఆ కళ్లజోడు పెట్టె ఇటివ్వు.”

“మీ చెల్లెలిగారి కంటి ఆపరేషనుకి మూడు రోజులే అన్నారు. సొరుగంతా సర్దేస్తున్నారేం?”

“సొరుగులో బొద్దింకలున్నాయి. నువ్వు మాట మార్చకు. ఇప్పుడు నేను కిటికీ పక్కన కూర్చునే పొడుగు పిల్లని. నన్ను అదుపులో పెట్టు.”

“మీరా?”

“‘టీచర్, ఎండ పడుతోంది. టీచర్, ఈ పిల్ల నా పెన్సిలు ఇవ్వట్లేదు. టీచర్, మీరు ఆఫీసులో కదా ఉండేది, ఇక్కడికెందుకొచ్చారు?’”

“అచ్చం అలాగే అంటుందండీ. ఆ భాషలో ‘కూర్చో’ అంటాను.”

“‘ఏంటి టీచర్? నాకర్థం కాలేదు.’”

“చేత్తో చూపిస్తాను. ఇలా.”

“‘అర్థమైంది గానీ కూర్చోబుద్ధి కావట్లేదు.’ ఊఁ, ఇప్పుడు?”

“ఇప్పుడా... ఇప్పుడు... సరే, కూర్చోవద్దు. ఇలా రా. నువ్వు బస్సు కండక్టరువి. వీళ్లంతా ప్రయాణికులు. ఎక్కడికి వెళ్లాలో ఆ భాషలో ఒక్కొక్కళ్లనీ అడుగు. మన భాషలో చెప్పినవాళ్లకి టికెట్ ఇవ్వకు.”

“ఇది నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. తోచింది. తప్పా?”

“ఇన్నేళ్లలో నాకు తోచలేదు. ఆ పిల్లని రోజూ కూర్చోబెట్టడానికే చూశాను.”

“ఊరుకోండి టీచర్.”

“నిజమే చెబుతున్నా. రేపు హెడ్మాస్టారొస్తే ఆయనకీ టికెట్ కొట్టించు.”

“కొట్టిస్తాను. నోరు తెరిచి ఊరి పేరు చెబితేనే. లెక్కల మాస్టారు తొంగిచూస్తే ఆయన్నీ ఎక్కించుకుంటాను.”

“అదీ మాట. ఈ క్లాసుకి ఇక ఢోకా లేదు. జిప్పు పట్టట్లేదు, కాస్త సంచి మీద చెయ్యేసి నొక్కు.”

“నొక్కుతాను గానీ, ఇటు నా మొహం చూసి చెప్పండి. సోమవారం వచ్చేస్తారుగా?”

“నాకు ముందున్న టీచరుని నేనూ ఇలాగే అడిగాను. అప్పట్లో నేను ఇక్కడ లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసేదాన్ని. నాలుగు రోజులు చూసుకో, వచ్చేస్తానన్నారు.”

“మరి ఎప్పుడొచ్చారు?”

“రాలేదు. ఆవిడ వెళ్లింది ముప్పై మూడేళ్ల కిందట, ఆగస్టులో, ఒక బుధవారం.”