ఆవిడ మందులు ఆవిడకే

మందుల షాపు. కౌంటరుకు ఇవతల లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, అవతల షాపు నడిపే ఆవిడ. ఆవిడ చేతికింద పిన్ను కొట్టిన కవరు.

"పెళ్లాం మందులు మొగుడికివ్వరా? ఎక్కడి రూలు తల్లీ ఇది?"

"నా షాపు రూలు. ఆవిడొచ్చి అడిగితే ఇస్తా."

"మందులొచ్చాయని మెసేజి పెట్టింది మీరేగా! నా ఫోనుకే వచ్చింది."

"మీ ఇద్దరికీ ఒకటే నంబరు రాసుకున్నాం. నాదే తప్పు, ఒప్పుకుంటున్నా. దానికి ఇంకో తప్పు కలపను."

"ఇవ్వక్కర్లేదు. ఏం మందో చెప్పండి చాలు."

"చెప్పను."

"జ్వరానికా?"

"చెప్పను."

"పోనీ, కడుపు రాకుండా వేసుకునేవా? నోటితో వద్దు. తలాడించండి."

"నా తల మెడమీద గట్టిగానే ఉంది, ఆడదు."

"మొగుణ్ణండీ నేను!"

"అయితే? పెళ్లాడినంత మాత్రాన ఆవిడ ఒళ్లు మీ పేరున రిజిస్ట్రీ అయిపోయిందా? రేపు మీ మందుల సంగతి ఎవరొచ్చి అడిగినా ఇదే జవాబు."

"నా... నా గొడవ ఇప్పుడెందుకు! దాని వాలకమే బాగోలేదు. అటు తిరిగి పడుకుంటోంది. పలకరిస్తే ఉలిక్కిపడుతోంది. నిప్పు లేందే పొగ రాదు."

"నిప్పెక్కడుందో ఇంట్లో వెతుక్కోండి. నా కౌంటరు మీద కాదు."

"అడిగితే ఒంట్లో బాలేదంటుంది. అంతే, ఇంకో ముక్క రాదు... అదుగో, మాటల్లోనే వచ్చింది మహాతల్లి! రావే, రా. కుట్టుమిషను ముందుండాల్సినదానివి, ఇక్కడేం పని?"

"మీరెందుకొచ్చారండీ?"

"ముందు నేనడిగినదానికి చెప్పు. ఏం దాస్తున్నావ్?"

"దాయట్లేదు. ఎలా చెప్పాలో తెలీక... ఇంటికెళ్లాక చెప్తానండీ."

"ఇంటికెళ్లేలోపు కథ అల్లేస్తావ్. ఇక్కడే చెప్పు."

"అక్కా, ఆ కవరిలా ఇవ్వు."

"ఇదిగో, నీది నీకే. చూపించాలని రూలేం లేదమ్మా. ఈయన అరిస్తే బయటికి పంపిస్తా."

"వద్దులే అక్కా, చూడనీ. ఇవిగోండి, విప్పుకోండి. జబ్బు చేసింది, డాక్టరమ్మ మందులు రాసింది."

"ఏం జబ్బు? ఏదీ... ఈ ఎర్ర గొట్టం బిళ్లలా? ఛీ! ఎవడంటించాడే నీకు? ఎవడు వాడు?"

"మళ్లీ అనండి, ఏమన్నారు?"

"వినబళ్లేదా? ఎవడితో తిరిగావ్?"

"అంటించాడన్నారా?"

"అన్నాను! పడకలో అంటుకునే జబ్బు కాదా అది? ఊరికే వస్తుందా?"

"నేను జబ్బని మాత్రమే అన్నాను. ఏం జబ్బో నా నోట్లోంచి రాలేదు. అక్క కూడా చెప్పలేదు. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పేదాకా నాకే తెలీదు. నేనేం తప్పు చేశానా అని ఇన్నాళ్లూ లోపల్లోపలే కుమిలి చచ్చాను. నీకు మాత్రం బిళ్ల చూస్తే చాలిందా? ఎప్పుడు మింగావు ఇవి?"

"అది... అది కాదే... మేడమ్, మీరైనా చెప్పండి!"

"నువ్వేం చెప్పొద్దక్కా. ఈయనే చెప్పేశాడు."