చిప్పులో లేని భాగం

లీవు యాడిది కనకా! నాకు లీవు ఎవరిస్తారు? పన్ను నొప్పి అని అబద్ధం చెప్పి, మాదాపూర్ నుంచి అమీర్‌పేట దాకా బస్సులో వేలాడుకుంటా వచ్చినా. కూర్చోమ్మా, లేవద్దు. చాయ్ చెప్పినా. నువ్వు చెప్పే సి లాంగ్వేజి క్లాసు మళ్లీ రెండింటికి కదా? కింద బోర్డు మీద చూసినాలే.

ఏడాది అయింది నువ్వు పోయి. నేను మాత్రం ఆ కుర్చీలోనే ఉండా. అదే గోడ, అదే కిటికీ. బయట ఇంకా బండలు పేలుస్తానే ఉండారు, అద్దాలు అదురుతానే ఉండాయి.

మా తమ్ముని పెండ్లికి ధర్మవరం పోయినా చూడు, తాళి కట్టే టైముకు పక్కింటోళ్లకు ఫోను. ఎవరు? ఇంకెవరు, మేనేజరు విశ్వేశ్వరరావు గారు! “ఏవండీ రామాంజనేయులు గారూ, సాఫ్ట్‌వేర్ బిల్డు ఆగిపోయిందండీ, మీరు రాకపోతే కదలదండీ.” అక్షింతలు చేతిలోనే ఉండాయి, బస్సెక్కినా.

మానేద్దామంటే సర్టిఫికెట్లు హెచ్చార్ బీరువాలో పెట్టుకున్నారు. మూడేండ్ల దాకా ఇయ్యరు.

ఇంకొకరికి నేర్పించొచ్చు కదా అంటావా?

అదే కదమ్మా! మన సెలైన్ పంపులో ఉండే ఆ బుల్లి ప్రాసెసర్ చిప్పుకు, దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు సరిపోయేటట్లు, మీ కోడునంతా చిప్పు భాషలోకి మార్చే కంపైలర్‌ను కాన్ఫిగర్ చేసింది నేనొక్కన్నే. నేర్పిస్తే ఇంకొకరు లోపల చూస్తారు. చూస్తే కనబడుతుంది.

ఏం కనబడుతుందా... ఉండు, చాయ్ వచ్చింది. తాగు.

ఆ సెలైన్ పంపు యాడ మరిచిపోతావులే. గంటకు నలభై మిల్లీలీటర్లు పొయ్యమంటే, రెండు మూడు రోజులకు ఒకసారి దానికి పిచ్చి లేస్తాండె. క్లయింటోళ్లు వచ్చి నిలబడిన రోజే లేసింది. స్క్రీను మీద ఆరు వందల పన్నెండు! కుళాయి తిప్పినట్టు నీళ్లు బకెట్లో పడినాయి. బకెట్టు కాబట్టి సరిపోయింది, మనిషి చేతికి సూది గుచ్చి ఉంటే?

“రేటు లెక్క ఎవరు రాశారండీ?” అన్నాడు విశ్వేశ్వరరావు గారు. నువ్వే రాసినావు.

నువ్వు నా దగ్గరికొచ్చి అన్నావు, “అంజన్నా, నా లెక్క కరెక్టే ఉంది. కాయిదం మీద చేసి చూసిన. నీ కంపైలర్ దిక్కు జర ఒకసారి చూడవా అన్నా.”

నేనేమన్నా? అందరి ముందర అన్నా కదా, “కంపైలర్ తప్పు చెయ్యదమ్మా, రాసేటోళ్లు చేస్తారు.” అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.

మూడో రోజుకు నిన్ను తీసేసినారు. మీ నాయన మల్లన్న నార్సింగి నుంచి పాల క్యాన్ల లూనా మీద వచ్చి గేటు కాడ నిలబడినాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నువ్వు నీ సామాన్ల డబ్బా పట్టుకుని వెనకాల కూర్చుంటాంటే పైనుంచి చూసినా. దిగి రాలేదు.

తర్వాత నీ సీట్లోకొచ్చిన హేమంత్ నీ కోడు తిరగరాసినాడు. దశాంశాలన్నీ తీసేసి, మొత్తం పూర్ణాంకాలతో. పంపు నిమ్మళించింది. “చూశారాండీ, అమ్మాయి కోడే!” అన్నాడు విశ్వేశ్వరరావు గారు. ఆ మాట ఆ రోజు నేనూ నమ్మినా. ఒట్టు, నమ్మినా.

నాలుగు నెలలకు ఇంకో మోడల్ కోసం కంపైలర్ మళ్లీ కట్టాల్సొచ్చింది. ఈసారి చిప్పు పుస్తకం కుదురుగా చదివినా.

దశాంశాల లెక్కలు చేసే భాగం మన చిప్పులో లేదు కనకా.

లేదు! అదే పేరుతో ఇంకొంచెం పెద్ద చిప్పు ఒకటుంది, దాంట్లో ఉంది. మనోళ్లు కొన్నది చిన్నది. కాన్ఫిగర్ చేసేటప్పుడు ఒక్క మాట చెప్పల్ల, ఆ భాగం లేదు, ఆ లెక్కలు సాఫ్ట్‌వేర్‌తోనే చేయించు అని. నేను చెప్పలే. ఉందనుకున్నా. కంపైలర్ నా మాట నమ్మింది.

అట్లయితే మొదటి రోజే ఆగిపోవల్ల కదా అంటావు. నేనూ అదే అనుకున్నా! కానీ ఆ ఆపరేటింగ్ సిస్టమ్, లేని భాగం పని తానే చేసి పెడతా వచ్చింది. అందుకే ఎవరికీ అనుమానం రాలే. ఒకేసారి రెండు పనులు లెక్క అడిగినప్పుడు మాత్రం, ఒకదాని అంకె ఇంకోదాని చేతికి పోతాండె.

ఆరు వందల పన్నెండు నీ రేటు కాదమ్మా. బ్యాటరీ రీడింగు. అది వచ్చి నీ లెక్కలో కూర్చుంది.

నీ లెక్క కరెక్టే. ఎప్పుడూ కరెక్టే.

ఏం జేసినానా? ఆ ఒక్క ఆప్షన్ మార్చినా. మళ్లీ కట్టినా. మార్పులు రాసే లాగ్‌లో ‘పాత ఫైళ్లు శుభ్రం చేసినాం’ అని రాసి, ఆ ఫోల్డర్‌కు తాళమేసినా. ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి ఎవరన్నా నా మెషీన్ పక్కకు వస్తే చాలు, స్క్రీను ఆపేస్తా. వాళ్లు నాకు సెలవియ్యడం లేదని అరుస్తాంటా గానీ, ఇస్తే నేను పోతానా? నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే?

ఏడవద్దు కనకా. తిట్టు. కొట్టినా సరే.

కాదు, ఉండు. ఇంకొకటి ఉంది. దాని కోసమే వచ్చినా.

పోయిన నెల మాదాపూర్‌లోనే ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకు పోయినావు కదా? బాగా చేసినావంట. వాళ్ల మేడం మంగళవారం నాకు ఫోన్ చేసింది. నువ్వే నా పేరు రాసిచ్చినావంట, అంజన్నకు నా పని తెలుసు అని.

“ఆ అమ్మాయి పని ఎట్లుండేది?” అనింది. విశ్వేశ్వరరావు గారు నా వెనకే నిలబడి ఉండాడు. నా నోట్లో మాట ఉంది కనకా, నిజంగా ఉంది.

“లెక్కల్లో కొంచెం అజాగ్రత్త,” అన్నా.

వాళ్ల ఉత్తరం కోసం చూస్తాండావు కదా. చూడొద్దు. రాదు.

ఇదో, ఆ మేడం నంబరు. ఆప్షన్ పేరు, చిప్పు పుస్తకంలో పేజీ, అన్నీ ఈ కాయితంలో రాసినా. కింద నా సంతకం పెట్టలే. రెండుసార్లు పెన్ను తీసినా, పెట్టలేకపోయినా. నువ్వే ఫోన్ చెయ్యి. తప్పు రామాంజనేయులుది అని చెప్పు.

ఆమె మళ్లీ నాకే ఫోన్ చేసి అడుగుతుంది, నిజమేనా అని. అప్పుడేమంటానో... అట్ల చూడొద్దు కనకా. నాకే తెలీదు.