ఉప్పు డబ్బాలో కత్తి

వనపర్తిలో రేపు తెరవబోయే సెలూన్‌లో చనిపోయిన తండ్రి ఫోటోను కొడుకు తగిలించాడు. తుప్పు పట్టిన ఆయన మంగలికత్తిని తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

"ఇది నీకేడ దొరికింది?"

"ఘణపూర్ ఇంట్ల, అటుక మీద. సాన పట్టేటాయనకు చూపిచ్చిన అమ్మా. లోపల ఉక్కు మంచిగనే ఉందంట, నూరితే మెరుస్తదన్నడు. నాయిన ఫోటో కింద అద్దంల పెడ్త."

"వద్దు."

"నాయిన చేతి కత్తి. గింత తుప్పుకే పారేస్తమా?"

"ఆ చేతి సంగతి నాకు చెప్తున్నవా? ఊరి పటేలు సచ్చిపోతే, ఆయన దినాల నాడు మీ నాయినకు జరంతోని ఒళ్లు కాలిపోతుండె. రానంటే ఇడవలే, గుంజుకపోయిండ్రు. ఎండల కూసోని పన్నెండు గుండ్లు చేసిండు. చెయ్యి వణికి ఒకనికి జర గాటు పడితే చెప్పుతోని కొట్టిండ్రు."

"నాకెన్నడు చెప్పలే."

"చెప్పుకునే ముచ్చటనా అది? ఒంట్ల బాగలేదంటే ఇననోళ్లు, కత్తే లేకుంటే ఏం చేస్తరని దీన్ని తడిపి ఉప్పు డబ్బాల పాతిపెట్టిన. ఈ తుప్పు దానంతటది పట్టలే. నేను పట్టిచ్చిన. ఆ నెలనే బొంబాయికి వలస పోయినం. ఇప్పుడు నువ్వు దీన్ని మెరిపిచ్చి గోడకు పెడ్తవా?"

"కూడు పెట్టే కత్తిని పాడు చేస్తే నాయిన నిన్నేమనలేదా?"

"ఏమంటడు? ఉప్పు తెచ్చిచ్చిందే ఆయన."