తలుపు పక్కన పలక

వాచీలు బాగుచేసే ఆయన పోయి మూడు నెలలైంది. గుమ్మం దగ్గర ఆయన భార్య, చూడ్డానికొచ్చిన కూతురు.

“మాట మార్చకు. ఏంటిది?”

“ఏది?”

“పలకమ్మా! ‘పాలకి. ఆరూ పది నుంచి ఆరూ పాతిక.’ ఈ పొద్దుటిదేగా?”

“ఏదోనే... చెయ్యి అలవాటు పడిపోయింది.”

“ఎవరు చూస్తారని? నాన్న లేడుగా!”

“లేరు. నాకు తెలీదూ?”

“తెలిస్తే ఎందుకు రాయడం?”

“రాయకపోతే మెట్లు దిగలేనే. నిన్న దిగి చూశా. మూడో మెట్టు దాటలేకపోయా. వెనక్కొచ్చి, రాసి, అప్పుడు వెళ్ళా.”

“గడప దాటితే చాలు, ఎక్కడికో, ఎప్పుడొస్తావో పలక మీద రాయించి, వాచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ముప్పై ఏళ్ళు నీ ప్రాణాలు తోడేశాడు. ఇప్పుడైనా హాయిగా—”

“అలా అనకు. ఆలస్యమైతే తిట్టేవారు, నిజమే. ఇప్పుడు ఎంత ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనరు. ఆ అనకపోవడమే నా వల్ల కావట్లేదు.”

“సరే, సరే. ఏడవకు. ఎదురింటి దర్జీ అక్క ఏమంది?”

“కాజాలు కుట్టే పని ఇస్తానంది. పదింటి నుంచి అయిదింటి దాకా. ఇవాళ చెప్పకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటుందట.”

“నీకు వెళ్ళాలనుందా?”

“ఉంది. చాలా ఉంది.”

“మరి?”

“పది నుంచి అయిదా? పలక మీద అంత పెద్ద టైము ఎప్పుడూ రాయలేదే!”

“ఇలా తే. తుడిచేస్తా.”

“వద్దు! వద్దే, ఆగు—”

“అయిపోయింది. చూశావా? కొంపలేమీ అంటుకోలేదు. చెప్పులేసుకో. నేనూ వస్తా, సరేనని చెప్పొద్దాం.”

“నీ ఫోను మోగుతోంది.”

“మోగనీ... ఆగాగు, ఒక్క నిమిషం. ఆఁ, చెప్పండి. అమ్మ దగ్గరేనండీ. అవును, నాలుగింటికి బయల్దేరతానన్నా, నాలుగూ పదయింది. తప్పే. తప్పేనండీ. లేదు, ఎవరూ లేరు, మేమిద్దరమే. గడియారం కనపడేలా ఫొటోనా? పంపుతా. ఇప్పుడే పంపుతా.”

“అల్లుడా?”

“ఆఁ. ఊరికే. కాస్త కంగారు మనిషి, అంతే. అలా గోడ గడియారం కింద నిలబడమ్మా. కొంచెం నవ్వు.”

“ఎన్నాళ్ళనుంచి?”

“ఏది?”

“...దర్జీ అమ్మాయికి నేనే వెళ్ళి చెప్పుకుంటాలే. నువ్వు బయల్దేరు, ఆలస్యమవుతుంది. ఆ పలక పట్టుకుపో. నాకంటే నీకే అవసరం.”