సుంకులమ్మ పెంటదిబ్బ

సుంకులమ్మ అని ఒకామె ఉండేదంట. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. ఆమెకుండేదల్లా పెరడు, పెరట్లో సొరతీగ, తీగ పక్కన పెంటదిబ్బ. పేడ, బూడిద, రాలిన ఆకు, పొట్టు, అన్నీ ఆ దిబ్బ మీదనే వేసేది. బాగా మాగి, నల్లగా పొడిపొడిగా అయినాకనే తీగ మొదట్లో పోసేది. పచ్చిపేడ వేస్తే వేరు ఉడికిపోతాదని ఆమెకు తెలుసు. మీకూ తెలిసే ఉంటాది, తెలియకపోతే తెలుసుకోండి. ఇంకోటి, ఆ ఊరికి పాడేదానికి వచ్చే జంగమయ్య తంబురాకు బుర్ర ఎప్పుడూ ఆ ఇంటి సొరకాయే. ఆమె అత్త కాలం నుంచీ అది ఆచారం.

ఏమైందంటే, పక్కింట్లో ఉండే మరిది మద్దిలేటి కొత్తగా వసారా వేసుకున్నాడు. వసారాలో కూచుంటే ఎదురుగా దిబ్బ. పంచాయితీ పెట్టించినాడు. వదినా, కాలం మారింది, సంచిమందు గుప్పెడు చల్లితే చాలు, ఈ కంపెందుకు, తీసెయ్ అంటాడు. తియ్యను, అనిందంట ఆమె. దిబ్బ పోతే తీగ పోతాది, తీగ పోతే జంగమయ్యకు బుర్ర నువ్విస్తావా అబ్బీ? ఇస్తా, నీ కాయకు రెండింతలుండేది ఇస్తా, అన్నాడు వాడు. పెద్దమనుషులకు అంతకంటే ఏం కావాల? ఈసారి జంగమయ్య ఎవరి కాయ తీసుకుంటే వాళ్ల మాట నిలబడతాది, మద్దిలేటి కాయ తీసుకుంటే దిబ్బ ఎత్తెయ్యాల్సిందే, అని తీర్పు చెప్పి పైపంచలు దులుపుకొని లేచినారు.

మద్దిలేటి తన తీగకు ఆ సంచిమందే, యూరియా, పోసినాడు, నీళ్లు పెట్టినాడు. తీగ ఎట్లా లేచిందనుకున్నారు, పందిరి దాటి వసారా కప్పెక్కింది. కాయ కడవంత. ఊరు ఊరంతా వచ్చి చూసి, పోతా పోతా సుంకులమ్మ పెరట్లోకి తొంగిచూసేది. ఈమె కాయ చెంబంత. ఏం సుంకులక్కా, ఇది తంబురాకా, మజ్జిగ పోసుకునేదానికా? అంటాది ఎదురింటి రామక్క. మీ ఇంట్లో మజ్జిగుంటే తీసుకురా, పోస్తా, అనిందంట. అనింది గానీ లోపల గుబులే. ఆ సాయంత్రం కాయను చేత్తో తడిమి చూసుకుంది. మరిది వసారాలో యూరియా సంచి మూతి తెరిచే ఉంది, ఒక గుప్పెడు తెచ్చుకుంటే అడిగేవాడు లేడు. చెయ్యి పోలేదు. కాయ చిన్నదైతే చిన్నదే, దిబ్బ పోతే పోనీ, వాడి దారి మాత్రం తొక్కను, అనుకుంది.

తంబురా కాయ ముదిరి తీగ మీదనే ఎండాల, అది పద్ధతి. సుంకులమ్మ తీగ ఎండింది, కాయ తేనెరంగుకు తిరిగింది. మద్దిలేటి తీగ ఎండనే లేదు. మందు బలం మీద ఇగురు పెడతానే ఉంది, కాయ పచ్చగానే ఉంది. జంగమయ్య వచ్చే కాలం దగ్గరపడింది. అప్పుడేం చేసినాడంటే, పచ్చికాయనే కోసి, ఆముదం పూసి, పొయ్యి మీద ఉట్టికట్టి పొగపెట్టినాడు. పైకి ఎండినట్టే కనిపించింది. దానికి పూలు చుట్టి వసారాలో పీట మీద పెట్టినాడు.

జంగమయ్య వచ్చినాడు. ముసలాయన, మాట తక్కువ. పెద్దకాయ చూసి, బాగుంది నాయనా, అన్నాడు. మద్దిలేటి మీసం దువ్వి పెద్దమనుషుల దిక్కు చూసినాడు. ఆయన బొటనవేలితో కాయను నొక్కినాడు. వేలు లోపలికి దిగిపోయింది. కుళ్లునీళ్లు పీట మీంచి వసారా అంతా పారినాయి. పెద్దమనుషులు ముక్కులు మూసుకొని వీధిలోకి దిగినారు. తరువాత సుంకులమ్మ కాయను నొక్కినాడు, దిగలేదు. గోటితో కొడితే ఖంగుమనింది. చిన్నది తల్లీ, అన్నాడు. చిన్నదే సామీ, అనిందామె. మోసేదానికి సులువు, అని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

అట్లా దిబ్బ నిలబడింది. పెద్దమనుషులు ఊరుకుంటారా? అమ్మా, గెలిచినావు కదా, మరిది మనసు నొచ్చకుండా దిబ్బను రవ్వంత వెనక్కి జరుపుకోరాదా, అని మెల్లగా అడిగినారు. జరపను, అనింది. జరపలేదు.

సంచిమందు విషమని నేననను. ఆకుకు అది పనికొస్తాది, మద్దిలేటి తీగకు ఆకేమన్నా తక్కువైందా? సుంకులమ్మ కూడా ఆ మందును ఒక్క మాట అనలేదు. ఆమె చెప్పదలుచుకున్నది తియ్యను, జరపను, అంతే. మిగతాదంతా మీరు కూచున్నారని నేను చెప్పింది.