తాడు గుంజే యాళ్ల

కరీంనగర్ దగ్గరి ఓ ఊళ్లె, కనకవ్వ అరుగు మీద చిక్కుడుకాయ తుంచుతున్నది. మనుమడు సాగర్‌కు యూనివర్సిటీల వ్యవసాయం పాఠాలు చెప్పే శ్రీహరి సారు వచ్చి ఎదురుంగ కూసున్నడు.

“వాడే సూసిండు సారు. అన్ని పాఠాలు వాడే సూసిండు. ఛాయ తాగు, సల్లారుతది.”

“పదకొండింటికి ఈ ఇంట్ల ఫోన్‌ల వీడియో నడిచింది అవ్వా. అదే పదకొండింటికి సాగర్ క్లాసుల నా ముందట ఉన్నడు.”

“ఉంటడు మరి. కాలేజీకి పోడా?”

“ఒక్క మనిషి రెండు తావుల ఎట్లుంటడు?”

“గది నన్నడిగితె? పాఠం ఇంటికాడ వినుమని, ఇంటిపని క్లాసుల చెయ్యుమని తిర్లమర్ల పెట్టింది నువ్వేనాయె. బువ్వ ఇంటికాడ తిని బోళ్లు కాలేజీల తోమినట్టు. గంత తిర్లమర్ల పెట్టినంక, మనిషి రెండు తావుల ఉండుడు ఓ లెక్కనా?”

“కొత్త పద్ధతి అవ్వా. ముందుగాల ఇంటికాడ చూసొస్తె, క్లాసుల కూసోని దాని మీద ముచ్చట పెట్టొచ్చు. చూసినందుకు ఇరవై మార్కులు. అవి పోతె సాగర్ ఈ పేపరు తప్పుతడు. అందుకే నిజం అడుగుతున్న. ‘ఉన్నవా’ అని నడుమ నడుమ ఫోన్ అడుగుతది గద, ఆ బటన్ ఎవరు నొక్కిన్రు?”

“ఏం బటను?”

“పచ్చది.”

“పచ్చదా, కింద మూలకొస్తది, గదా? నాకేమెరుక.”

“అవ్వా.”

“నాకు సదువే రాదు సారు. ఫోన్ మంచం మీది మెత్త కింద పెట్టి బస్సుకు ఉరుకుతడు. నేను సూడ. ఊకె చెవుల పడతది. నువ్వు దగ్గుతవు, మీ ఇంట్ల కుక్కరు కూత పెడ్తది, నువ్వు మల్ల మొదటికెల్లి చెప్తవు. గా గళ్ల అంగీ అయిదు పాఠాలకు ఇడువకపోతివి. గీ సారుకు ఇంకో అంగీ లేదా అని పక్కింటి కమలవ్వ సుత అడిగింది.”

“కమలవ్వ సుత చూసిందా?”

“సూసుడు గాదు, వినుడు.”

“సరే, విన్నరు. విత్తనపు వరి పాఠం ఎట్లున్నది?”

“బాగనే చెప్తివి గని... వద్దులే.”

“చెప్పు, ఏమనుకోను.”

“ఇరవై ఏండ్లు విత్తనపు వరిల కూలికి పోయిన సారు. ఇద్దరం చెరో కొసకు తాడు పట్టి పొలం మీదికెల్లి గుంజుతె, మగసాలు పుప్పొడి ఆడసాలు మీద పడాలె. నువ్వేమో పొద్దుగాల ఎనిమిదింటికి గుంజుమంటివి. ఎనిమిదింటికి మంచే ఆరది, పువ్వెక్కడ ఇచ్చుకుంటది? పది కొట్టాలె. కమలవ్వ, నేను కడుపుబ్బ నవ్వుకున్నం. తాడు పట్టిన మొఖం గాదనుకున్నం.”

“ఆ తప్పు కావాల్నని పెట్టిన అవ్వా.”

“ఆఁ?”

“ఎవరు నిజంగ చూస్తున్నరో తెలుసుకుందామని. నిన్న క్లాసుల తాడు ఎన్నింటికి గుంజాలె అని అడిగితె సాగర్ లేచి, తాడెందుకు సారు అన్నడు.”

“తాడెందుకన్నడా? నా చేతులకు కాయలు గాసింది గా తాడుతోనే. గవి సూసుకుంట పెరిగి, తాడెందుకన్నడా వాడు?”

“అన్నడు. ఇరవై మార్కులు కొయ్యక తప్పదు అవ్వా. లేస్త మరి.”

“లేద్దువు గని. గా కోతల పాఠంల తప్పు సుత కావాల్ననే పెట్టినవా?”

“కోతల పాఠంలనా?”

“గదే. ఆడసాలు ముందుగాల కోసి, మగసాలు ఎనుక కొయ్యుమంటివి.”

“దాంట్ల... దాంట్ల తప్పేమున్నది?”

“కూసో సారు, చెప్త. మగసాలు ముందుగాల కోసి తీయకుంటె విత్తనం కల్తయితది. రేపు పదింటికి కమలవ్వ విత్తనపు వరి పొలం కాడ నువ్వో కొస, సాగరో కొస పట్టున్రి. వానికి ఇరవై మార్కులు నువ్వెయ్యి. నీకు నేనేస్త.”