అర సెకండు ముందు

ఫ్యాక్టరీ గేటు దగ్గర కొట్లాట జరిగిన మర్నాటి ఉదయం. పత్రికలకు ఫొటోలు తీసే అక్కా తమ్ముడూ తమ స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. బల్ల మీద రెండు కెమెరాలు: పాతది అక్కది, కొత్తది తమ్ముడిది. తమ్ముడి తలకు కట్టు ఉంది.

"బరువైతే గొప్పేంట్రా? ఆ లెక్కన రోకలి ఇంకా గొప్పది."

"గొప్పనలేదక్కా. చేతికి నిండుగా ఉంటుందన్నా. నీది సబ్బుపెట్టెలా ఉంటుంది."

"ఆ సబ్బుపెట్టే ఇవాళ మొదటి పేజీకెక్కింది. చూశావా పేపరు?"

"చూశా."

"చూశా, అంతేనా? ఇంత పెద్ద బొమ్మ! ఫ్యాక్టరీ వెల్డరు చేతిలో ఇనప రాడ్డు, కాళ్ళ దగ్గర చచ్చి పడున్న గార్డు, వెనకంతా పొగ. మా పేపరు డెస్కు సారు తెలుసుగా, పొగడాలంటే ఎంగిలి చేత్తో కాకిని తోలడు. ఆయనే పొద్దున్నే ఫోన్ చేసి 'ఏం తీశావమ్మా' అన్నాడు."

"బాగుంది."

"ఏంట్రా ఆ బాగుంది, చేదు మందు మింగినట్టు? కుళ్ళా?"

"తల నొప్పిగా ఉందక్కా."

"ఉండదా మరి, కుట్లు పడ్డాయిగా. మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అయితే చూపించు."

"ఏం చూపించాలి?"

"నీ కొత్తదాని గొప్ప. కొన్న దగ్గర్నించీ నా చెవులు కొరుక్కు తిన్నావు కదా. మనిషి కన్ను దొరికితే ఫోకస్ వదలదు, చెయ్యి వణికినా బొమ్మ వణకదు, పిల్లి నడిచినంత చప్పుడు కూడా ఉండదు అని. నిన్న ఇద్దరం ఉన్నది అదే గేటు దగ్గర. నువ్వు లోపల, నేను రోడ్డవతల. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. కార్డు తియ్."

"తర్వాత చూద్దాంలే."

"తర్వాతెందుకు?"

"కార్డు పాడైంది."

"ఎప్పుడు?"

"నేను పడిపోయినప్పుడు."

"నీ తల పగిలింది కానీ కెమెరాకి గీత కూడా పడలేదు కదరా. లోపలున్న కార్డెలా పాడవుతుంది?"

"పాడైందంటున్నా కదా. సరే, నీ సంగతి చెప్పు. ఆ ఫొటో ఎలా పడింది?"

"ఎలా పడిందంటే, పడింది. నా ముసలిదాని సంగతి నీకు తెలీదా? పొగలో, జనంలో దానికి ఫోకస్ దొరికి చావలేదు. చత్వారం వచ్చిన తాత సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. నొక్కుతున్నా, పడదు. నొక్కుతున్నా, పడదు. తీరా పడేసరికి గార్డు నేల మీదున్నాడు, వెల్డరు రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. టక్. ఆ ఒక్కటే."

"దానికి ముందు?"

"ముందంతా మసకే."

"అంటే వెల్డరు కొట్టడం నువ్వు చూళ్ళేదు."

"చూడకపోవడమేంటి? రాడ్డు వాడి చేతిలో ఉందిగా."

"చేతిలో ఉండటం కాదక్కా. కొట్టడం చూశావా?"

"ఏంట్రా, నల్లకోటు వేసుకొచ్చావా ఇవాళ? రక్తం కారుతున్న రాడ్డు పట్టుకుని వాడు నిలబడితే... ఉండు, డెస్కు సారు ఫోను. ఆఁ, చెప్పండి సార్... ఎప్పుడు?... అయ్యో, ఆవిడనెందుకు సార్? ముసలావిడ కదా... ఎక్కడ దొరికింది వాళ్ళకి అడ్రసు?... ఓహో... లేదు సార్, ఇప్పుడే రాలేను. చూస్తాను."

"ఏమైందక్కా?"

"వెల్డరు ఇల్లు తగలబెట్టారట. గార్డు తాలూకు జనం."

"ఎప్పుడు?"

"ఇందాకే. పేపరు పట్టుకుని వీధి వీధీ తిరిగారట. నా ఫొటో చూపించి, వీడి ఇల్లెక్కడ, వీడి ఇల్లెక్కడ అని అడుగుతూ వెళ్ళారట. వాళ్ళమ్మని జుట్టు పట్టుకుని మెట్ల మీద నుంచి కిందికి ఈడ్చారు. చెయ్యి రెండుచోట్ల విరిగిందట."

"వెల్డరు?"

"పోలీస్ స్టేషన్ నుంచి ఆస్పత్రికి మార్చారట. స్టేషన్‌లో తిన్న దెబ్బలకి మూత్రంలో రక్తం పడుతోందట. నోరు మాత్రం విప్పట్లేదట. ఎంత కొట్టినా ఒక్క ముక్క చెప్పట్లేదట. ఇప్పుడు సారుకి ఇంకో ఫొటో కావాలట. కాలిన ఇంటిది."

"వెళ్తావా?"

"నా సంగతి అలా ఉంచు. నీ మొహమేంటి అలా పాలిపోయింది? ఒరేయ్. ఇటు చూడు. జేబులో చెయ్యెందుకు పెట్టావు?"

"ఊరికే."

"ఆ కార్డులో ఏముంది?"

"ఏమీ లేదక్కా."

"ఏమీ లేకపోతే ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"ఇవ్వరా."

"అక్కా, వదులు. చొక్కా చిరుగుతుంది. అక్కా, కుట్లు, నా కుట్లు!"

"కుట్లూ లేదు గిట్లూ లేదు. పిడికిలి తెరువు."

"అమ్మా! కొరుకుతావేంటే, కుక్కవా!"

"తెరువు!"

"వేలు విరుగుతోందే! రాక్షసీ, వదులు!"

"నువ్వు నా జుట్టు వదులు ముందు. దొరికింది. దొరికిందిరా దొంగా! అరే, తోస్తావేంటి... అబ్బా!"

"తగిలిందా?"

"బల్ల అంచు. పెదవి చిట్లింది. ఫర్వాలేదు. ఆ ట్రైపాడ్ ఎందుకు తీశావు? కింద పెట్టు. పెట్టరా. నన్ను కొడతావా దాంతో?"

"నిన్ను కాదు. దీన్ని!"

"ఒరేయ్, అది నా కెమెరా! ఆపరా! ఆపు!"

"ఇదే! ఇదే చేసిందంతా! గుడ్డి పీనుగ! దీనివల్లే, దీనివల్లే!"

"కొట్టు. ఇంకా కొట్టు. లెన్సు పొడైంది, ఇంకేం మిగిలింది? కొట్టు, పళ్ళు కొరుక్కుంటూ కొట్టు. అచ్చయిన బొమ్మ చెరిగిపోతుందేమో చూద్దాం."

"ఇదిగో, పారేశా."

"చల్లారిందా? కూర్చో. కట్టు తడిసిపోయింది, కుట్లు ఊడాయేమో. కూర్చోమంటున్నా. ఇప్పుడు చెప్పు."

"వెల్డరు కొట్టలేదక్కా."

"ఏంటి?"

"వెల్డరు కొట్టలేదు. కొట్టినవాడి చేతిలోంచి రాడ్డు గుంజుకున్నాడు. అడ్డుపడ్డాడు. అప్పుడు పడింది నీ కెమెరాకి ఫోకస్."

"మరి కొట్టిందెవరు? ఎవర్రా?"

"మనింట్లోంచి ఆ ఫ్యాక్టరీకి పోయేది ఎవరక్కా?"

"చిన్నోడా? మన చిన్నోడా? బల్లిని చూస్తే మంచమెక్కే మన చిన్నోడా? నీకేమైనా మతిపోయిందా?"

"నన్ను కాపాడటానికి కొట్టాడక్కా."

"మొదట్నించీ చెప్పు. నసగకుండా చెప్పు."

"గేటు లోపల రాళ్ళు పడుతున్నాయి. నేను తీస్తున్నా. ఉన్నట్టుండి తల మీద ఫట్‌మని పడింది. పడిపోయా. రక్తం కళ్ళలోకి దిగింది, ఏమీ కనపడట్లేదు. మీద ఎవరో వంగినట్టు నీడ. ఖాకీ చొక్కా. గార్డే. ఇంకో దెబ్బ వేస్తాడనుకున్నా. నా పని అయిపోయిందనుకున్నా. కెమెరా గుండెల మీద పట్టుకుని ఉన్నా, వేలు మీట మీద సగం నొక్కి ఉంది. వాడి వెనకాల నుంచి చిన్నోడి కేక వినపడింది. తర్వాత ఆ చప్పుడు."

"ఏం చప్పుడు?"

"అడక్కు. కొబ్బరికాయ కొడితే వస్తుందే, అలాంటిది. ఉలిక్కిపడి మీట పూర్తిగా నొక్కేశా."

"అంటే దెబ్బ పడ్డాక తీశావు. నాలాగే."

"అక్కడే నీదానికీ నాదానికీ తేడా. నాది మీట సగం నొక్కి ఉన్నంతసేపూ చూస్తూనే ఉంటుంది. పూర్తిగా నొక్కగానే, అంతకు అర సెకండు ముందు నుంచి జరిగిందంతా కూడా దాచేస్తుంది. నొక్కకముందువి కూడా వరసగా పడతాయి."

"నువ్వు చూశావా అవి?"

"ఆస్పత్రిలో కుట్లు వేయించుకుంటూ, కెమెరా వెనకుండే బుల్లి తెర మీద చివరి నుంచి వెనక్కి చూశా. చిన్నోడి మొహం కనపడగానే ఆర్పేశా. మళ్ళీ తెరవలేదు."

"వాడేడీ?"

"మేడ మీదే ఉన్నాడు. నిన్నటి నుంచీ చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. ట్యాంకు ఖాళీ చేశాడు. ఒకటే మాట. 'అన్నా, వాడు నిన్ను చంపేసేవాడు కదా?' అదే అడుగుతాడు. మళ్ళీ అదే అడుగుతాడు."

"నువ్వేమన్నావు?"

"అవునన్నా. ఏమంటాను? అవునన్నా."

"వెల్డరు ఎందుకు నోరు విప్పట్లేదో ఇప్పుడర్థమైంది. చిన్నోడికి వెల్డింగ్ టార్చి పట్టుకోవడం నేర్పింది వాడే కదరా. మొన్న మనింటికొచ్చి 'మీ వాడి చెయ్యి బంగారం' అని వెళ్ళాడు."

"తెలుసక్కా."

"తెలిసి కార్డు జేబులో దాచుకుని కూర్చున్నావా? అక్కడ వాడు నెత్తురు పోసుకుంటుంటే, వాళ్ళమ్మని ఈడ్చుకెళ్తుంటే?"

"మరేం చెయ్యమంటావు? ఇస్తే చిన్నోడు పోతాడు. స్టేషన్‌లో వెల్డరుకే అంత చేశారు, అంత మనిషికి. చిన్నోడు బతుకుతాడా? కార్డు తుడిచేద్దామనే వచ్చా. కంప్యూటర్ ముందు కూర్చుంటే నువ్వొచ్చి పేపరు ముందు పెట్టావు."

"తుడిచేస్తే వెల్డరు పోతాడు."

"వాడెవరు, వీడెవరక్కా? ఒకడు తోటి పనివాడు. ఒకడు మన ఒంట్లో రక్తం."

"ఆ మాట ఇంకోసారి అను, పళ్ళు రాలగొడతా."

"రాలగొట్టు. అయినా తమ్ముణ్ణి అప్పగించను. నన్ను బతికించినవాణ్ణి నా చేతుల్తో ఉరికి పంపమంటావా?"

"ఆగు. ఆగాగు. ఇప్పుడేమన్నావు?"

"ఏమన్నా?"

"బతికించాడన్నావు. అదేరా! గార్డు నిన్ను చంపబోయాడు. చిన్నోడు అడ్డుపడ్డాడు. కళ్ళ ముందు అన్నని చంపుతుంటే చూస్తూ నిలబడమని ఏ జడ్జీ అనడు. నీ కెమెరా అర సెకండు ముందుది కూడా పట్టిందంటున్నావు. అందులో గార్డు కర్ర ఎత్తింది ఉంటుంది కదా?"

"ఉండాలి."

"ఉండాలి కాదు, ఉంటుంది. కింద పడి ఉన్న మనిషి, పైన కర్ర. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? స్టేషన్‌కి ఇవ్వద్దు. ముందు లాయరు దగ్గరికి పోదాం, అక్కడి నుంచి తిన్నగా కోర్టుకి. పేపర్లో వేయిస్తా. నా బొమ్మ తప్పని నేనే చెప్తా, అదే మొదటి పేజీలో. వెల్డరు బయటికొస్తాడు. చిన్నోడికి ఏమైనా పడినా చిన్న శిక్షే. ఇద్దరూ బతుకుతారురా."

"నిజంగానా అక్కా?"

"నా మీద ఒట్టు. కార్డు పెడుతున్నా. ఇంకోసారి నా చెయ్యి పట్టుకోకు."

"పట్టుకోను. పెట్టు."

"ఇలా దగ్గరికి రా. వచ్చాయి. అబ్బో, ఇన్నా? చివరి నుంచి వెనక్కి వెళ్తా."

"అదిగో, వెల్డరు. చూడు, రాడ్డు రెండు చేతులా పట్టుకుని గుంజుతున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు."

"'వద్దురా' అంటున్నాడు. పెదాలు చూస్తే తెలుస్తోంది. దేవుడా, ఇంత స్పష్టంగానా."

"వెనక్కి పో."

"ఇది... అమ్మా. ఇది దెబ్బ."

"చూడకు. తొందరగా దాటించు."

"ఆ గార్డు కళ్ళురా. నా వైపే చూస్తున్నట్టున్నాయి."

"కన్ను వదలదని చెప్పా కదా."

"నోర్ముయ్. నోర్ముయ్, ఆ మాట మళ్ళీ అనకు. మెట్ల మీద ఎవరు?"

"చిన్నోడు. దిగొస్తున్నాడు. తెర ఆపెయ్ అక్కా."

"ఆపను. రానీ. వాడూ చూడనీ. తప్పు చెయ్యలేదని కళ్ళారా చూసుకుంటే గానీ వాడు ఆ చేతులు కడుక్కోవడం ఆపడు. రారా చిన్నా, ఇలా రా. భయపడకు. అన్న అంతా చెప్పాడు."

"అక్కా, నేను కావాలని చెయ్యలేదక్కా. వాడు అన్నని చంపేసేవాడు."

"తెలుసురా, తెలుసు. ఇలా నా పక్కన కూర్చో. చేతులు చూడు, తోలు లేచిపోయింది. ఇదిగో, దీనికి ముందుది. ఇందులో నువ్వు రాడ్డు ఎత్తావు. దానికీ ముందుది కావాలి మనకి. ఇదే. ఇదే చివరిది, అంటే అన్నిటికంటే మొదటిది."

"చూశావా అక్కా! చూశావా, నా మీదకి ఎలా వంగాడో! నేను చెప్పలా?"

"చెప్పావు. కర్ర ఏది?"

"చేతిలో ఉంది కదా."

"ఏ చేతిలో?"

"పెద్దది చెయ్యి. ఇంకా. ఇంకా పెద్దది చెయ్యక్కా, కుడి చెయ్యి."

"చేస్తున్నా. కర్ర నడుముకి వేలాడుతోందిరా."

"మరి ఆ చేతిలో తెల్లగా ఏంటది? అన్నని కొట్టబోయిన కర్రే కదా? కర్రే కదక్కా?"

"కర్ర కాదు చిన్నా. చేతిరుమాలు. మీ అన్న తలకి కట్టు కట్టడానికి వంగాడు."